ప్రకటన చూసి వచ్చినవాడు

నీలం సంచి గురువారం ఉదయం ఇల్లు వదిలి వెళ్ళిపోతోందన్న సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. నీలం సంచికి, ఆమె అక్కకు, కౌన్సెలర్‌కు. పోయిన వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం. భర్త తనను స్నానాల గదిలోకి నెట్టి బయట గడియ వేసిన ఆరు గంటల గురించి ఆమె చెప్పడం ముగించింది. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది. “గురువారం ఎనిమిదింటికి ఆయన ఆఫీసుకెళ్తారు. ఎనిమిదిన్నరకి పాపని స్కూల్లో దింపుతానని బయల్దేరతాను. దింపను” అంది.

ఆ “దింపను” అన్న మాట వారం రోజులుగా కౌన్సెలర్ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

నీలం సంచి ఆమె పేరు కాదని పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కౌన్సెలర్ తన నోటు పుస్తకంలో ఎవరి పేరూ రాయదు. మొదటి రోజు చేతిలో ఏం పట్టుకుని వస్తే అదే ఆ మనిషి పేరు. హెల్మెట్, తడి గొడుగు, పగిలిన ఫోను. పుస్తకం ఎవరి చేతిలో పడినా ఎవరెవరో తెలియకూడదని పన్నెండేళ్ళ క్రితం పెట్టుకున్న అలవాటది. కుట్టు స్కూల్లో టీచరైన ఈమె వచ్చినప్పుడు భుజాన తనే కుట్టుకున్న నీలం సంచి ఉంది. అంచున గుడ్డ చాలక ఒక ముక్క అతికింది. కూతురు గీసిన చేప బొమ్మలాగే ఆ ముక్కను కత్తిరించింది. రెండు కళ్ళూ ఒకే పక్కనున్న చేప.

ఇవాళ బుధవారం. పన్నెండు ముప్పావుకి నీలం సంచి ఆఖరిసారి వస్తుంది. వకీలుకు ఇవ్వాల్సిన ఉత్తరం తీసుకుంటుంది. ఆ ఉత్తరం కౌన్సెలర్ బల్ల సొరుగులో, సీలు వేసి, సిద్ధంగా ఉంది.

పొద్దున తొమ్మిదింపావుకి కౌన్సెలర్ మరిది మెట్లెక్కి వచ్చాడు. కింద కళ్ళజోళ్ళ షాపు, దానిపైన ఎప్పుడూ మూసి ఉండే ఆఫీసు, ఆపైన ఈ క్లినిక్. లిఫ్టు పాడై పదకొండు రోజులైంది. నలభై మెట్లు. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే పిన్ని పొద్దున ఒకసారి ఎక్కిందంటే సాయంత్రం దాకా దిగదు. మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలాకాలమైంది.

“వదినా, ఈ వారం జనం ఏం వెతికారో చూస్తే నవ్వి నవ్వి పోతావు” అంటూ మరిది ట్యాబ్లెట్ తెరిచాడు.

ప్రతి బుధవారం ఇదే తంతు. క్లినిక్ తెరిచిన కొత్తలో కౌన్సెలర్, పిన్ని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఈగలు తోలుకున్నారు. అప్పుడు మరిది వచ్చి, ఇంటర్నెట్‌లో ఎవరైనా “దిగులు”, “నిద్ర పట్టడం లేదు”, “భార్యాభర్తల కౌన్సెలర్” అని వెతికితే మన ప్రకటన అందరికన్నా పైన కనిపించేలా చేస్తానన్నాడు. ఆ మాటల కోసం వేలంలో పాట పాడాలి. ఎవరు ప్రకటన నొక్కినా, ఆ నొక్కుకి మనం డబ్బు కట్టాలి. అందుకే వారం వారం, జనం అసలు ఏ మాటలు కొట్టి మన దాకా వచ్చారో జాబితా చూసి, పనికిరానివాటిని వద్దు జాబితాలో వేస్తారు.

“కాలేజీ సీటు కౌన్సెలింగ్ ఎప్పుడు” అని చదివాడు మరిది. “వీడు ప్రతివారం వస్తాడు. వద్దు జాబితా. కోపం తగ్గడానికి ఏం తినాలి. ఇదుగో ఇది చూడు, మా పిల్లి నన్ను చూసి దాక్కుంటోంది ఎందుకు.”

“ఆ పిల్లిని పంపమను. దాని బాధ ఏంటో అదీ చెప్పుకోవాలిగా” అంది పిన్ని గుమ్మం దగ్గర్నుంచి.

“అత్తగారితో మాట్లాడకుండా ఒకే ఇంట్లో ఉండటం ఎలా.”

“అది నేను కొట్టలేదు” అంది కౌన్సెలర్.

“నువ్వు కొడితే మా అమ్మకి ముందే తెలిసేది.” మరిది నవ్వుతూ వేలితో జాబితా పైకి తోశాడు.

కౌన్సెలర్ చేయి చాచి అతని మణికట్టు పట్టుకుంది. “ఆగు. కిందికి రా. అది కాదు, దాని కిందది.”

పిన్ని కూడా దగ్గరికొచ్చి తొంగి చూసింది. ముగ్గురూ ఎవరికి వాళ్ళే చదువుకున్నారు.

‘భార్య కౌన్సెలర్‌కి ఏం చెప్తోందో తెలుసుకోవడం ఎలా.’

పక్కన గడిలో నొక్కులు నాలుగు. ఆ పక్క గడిలో అపాయింట్‌మెంట్ ఒకటి.

“ఎప్పుడు?” అంది కౌన్సెలర్.

“సోమవారం. మన ప్రకటన ఈ చుట్టుపక్కల మూడు కిలోమీటర్లలోనే కనిపిస్తుంది కాబట్టి మనిషి ఇక్కడివాడే.”

“ఎవరో చెప్పదా?”

“మాట చెప్తుంది వదినా, మనిషిని చెప్పదు. అలా చెప్తే అందరూ జైలుకెళ్తాం.” మరిది గొంతులో నవ్వు తగ్గింది. “భార్య అన్న మాటుంది, కౌన్సెలర్ అన్న మాటుంది. రెంటికీ మనం పాట పాడాం. అందుకే కనిపించాం. ఎవడో అనుమానప్పక్షి అయ్యుంటాడు.”

“పక్కనే ఇంకో ముగ్గురి ప్రకటనలు ఉంటాయన్నావు కదా. నాలుగుసార్లూ వెనక్కెళ్ళి మనదే ఎందుకు నొక్కాడు?”

“మన ఫోటో బావుంటుంది” అన్నాడు మరిది.

కౌన్సెలర్ దగ్గరకు భర్తకు చెప్పకుండా వచ్చే ఆడవాళ్ళు అయిదుగురున్నారు. అయిదుగురిలో ఎవరి భర్తయినా కావచ్చు. ఎవరి భర్తా కాకపోవచ్చు. కానీ భయం లెక్కలు వినదు. అది నేరుగా వెళ్ళి నీలం సంచి మీద కూర్చుంది.

సోమవారం ప్రకటన చూసి బుక్ చేసుకున్నవాళ్ళు ముగ్గురు. ఒకామె పై వారానికి అడిగింది. మిగతా ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ ఇవాళే. పది గంటలకొకరు, పన్నెండు గంటలకొకరు. పది గంటలవాడు కారణం గడిలో “డ్రైవింగ్ భయం” అని రాశాడు. పన్నెండు గంటలవాడు “నిద్ర” అని ఒక్క ముక్క రాశాడు.

నీలం సంచికి ఫోన్ చేయడానికి వీల్లేదు. ఆమె ఫోన్ రోజూ భర్త చేతుల్లోకి వెళ్ళి వస్తుంది. ఏదైనా కబురుంటే కుట్టు స్కూలు ఆఫీసుకి చెప్పాలన్నది వాళ్ళ ఏర్పాటు. కౌన్సెలర్ అక్కడికి ఫోన్ చేసింది. టీచరు ఇవాళ సెలవన్నారు.

“మన కొత్త పద్ధతిలో ఆవిడకి మెసేజ్‌లేవీ వెళ్ళట్లేదు కదా?” అని అడిగింది మరిదిని.

“గుర్తుచేసే మెసేజ్‌లు ఆవిడకి ఆపేశాను. నువ్వు చెప్పిన రోజే. పిన్ని పాత రిజిస్టర్లో నంబర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసింది తెలుసా? ఇప్పుడు బుకింగైనా, మార్పైనా ఒక్క నొక్కు. రిజిస్టర్లో దిద్దుళ్ళూ లేవు, ఫోన్లో బతిమాలడాలూ లేవు.”

“ముసలితనంలో నేర్చుకున్నాను” అంది పిన్ని గర్వంగా. “మీ బాబాయి చూసుంటే నమ్మేవాడు కాదు.”

మరిది వెళ్ళాక కౌన్సెలర్ పిన్ని బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. “పిన్నీ, పన్నెండింటికి ఒకాయన వస్తాడు. ఆయన లోపలుండగా నేను నీళ్ళడుగుతాను. ఒకసారి అడిగితే ఏం లేదు. రెండోసారి అడిగానంటే మాత్రం పన్నెండు ముప్పావు ఆవిడ పైకి రాకూడదు. ఆపెయ్యాలి.”

“ఆపేస్తాలే. ఇదేం గూఢచారి పనే తల్లీ.”

“నవ్వకు పిన్నీ.”

“నవ్వట్లేదు. రెండోసారి నీళ్ళు, అంతేగా.”

పది గంటలవాడు సిటీ బస్సు డ్రైవరు. చేతిలో టిఫిన్ డబ్బా. పంతొమ్మిదేళ్ళుగా బస్సు తోలుతున్నాడు. ఆరు వారాలుగా పెద్ద వంతెన ఎక్కగానే అరచేతులు చెమటలు పట్టి స్టీరింగ్ జారుతోంది. వెనకాల అరవైమంది. మా గురించి ఎలా తెలిసిందని కౌన్సెలర్ అడిగింది.

“వంతెన అంటే భయం అని ఫోన్లో కొట్టానండి. ముందు వంతెనలు కట్టే కాంట్రాక్టరొచ్చాడు. తర్వాత మీరొచ్చారు.”

ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేది. టిఫిన్ డబ్బా నిజంగా భయపడుతున్నాడు, నిజంగానే సాయం కావాలి. ఆమె ఆ ముప్పావుగంట అతనికి పూర్తిగా ఇచ్చింది. అతను వెళ్ళాక మాత్రం లెక్క తేలిపోయింది. ఇద్దరిలో ఒకడు పోతే మిగిలింది ఒకడు.

రద్దు చేద్దామా అనుకుంది. రద్దు చేస్తే, వాడే అయితే, తనకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది. వాడు కాకపోతే, నిద్ర లేక వచ్చిన ఒక మనిషి ముఖం మీద తలుపు వేసినట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా కుర్చీలు సర్దుకుంది. తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ కౌన్సెలర్‌దే. ఆ వృత్తిలో నేర్పే మొదటి పాఠం అది.

పన్నెండు గంటలవాడు పన్నెండింటికే వచ్చాడు.

నలభై దాటిన మనిషి. ఇస్త్రీ మడత చెదరని లేత రంగు చొక్కా. చెప్పులు గుమ్మం బయట జతగా, ఒకదాని పక్కన ఒకటి, స్కేలు పెట్టి గీసినట్టు విడిచాడు. కూర్చోబోయే ముందు గదంతా ఒకసారి చూశాడు. కిటికీ, బల్ల, సొరుగు, గడియారం. తన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. చేతుల్లో ఇంకేం లేదు. చొక్కా జేబులో మాత్రం పలకలా ఏదో బరువుగా వేలాడుతోంది. కింద షాపులోంచి వచ్చి ఉంటాడు. కౌన్సెలర్ పుస్తకంలో ‘కళ్ళజోడు పెట్టె’ అని రాసుకుంది.

“నేను చెప్పేవి రాసుకుంటారా?” అన్నాడు. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది.

“కొన్ని రాసుకుంటాను.”

“పేరుతోనా?”

“పేర్లు రాయను.”

“మంచి అలవాటు. పేర్లు ఉంటే గొడవ.” అతను గది తలుపు వైపు చూశాడు. తలుపు కింద రెండు వేళ్ళ సందు. అక్కడ రబ్బరు పట్టీ వేయిస్తానని మరిది నాలుగు నెలలుగా చెప్తున్నాడు. “మాటలు బయటికి పోవా?”

“మెల్లిగా మాట్లాడితే పోవు. నిద్ర గురించి రాశారు.”

“అవునండి. సోమవారం నుంచి పట్టట్లేదు.”

కౌన్సెలర్ కలం ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. “సోమవారానికి ముందు?”

“హాయిగా పడుకునేవాణ్ణి.”

“సోమవారం ఏం జరిగింది?”

అతను తన ఉద్యోగం గురించి మొదలుపెట్టాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు సరిచూస్తాడు. కారు గుద్దుకుంది, గోడ కూలింది, కొట్టు కాలిపోయింది అంటూ జనం ఫోటోలు పంపుతారు. నిజమా అబద్ధమా తేల్చాలి.

“అందరూ దెబ్బ తగిలిన చోటు చూస్తారండి. నేను చూడను. అక్కడ ఎలాగూ వాళ్ళు చూపించాలనుకున్నదే ఉంటుంది. నేను వెనకాల చూస్తాను. గోడ మీద క్యాలెండరు ఏ నెలది, అద్దంలో ఎవరి నీడ పడింది, కుర్చీ మీద ఏం మర్చిపోయారు. పదహారేళ్ళ నుంచి ఇదే పని. ఇంట్లో కూడా అలాగే చూస్తానని మా ఆవిడ అంటుంది.”

“మీకేమనిపిస్తుంది?”

“నిజమే అనిపిస్తుంది.”

కౌన్సెలర్ తలుపు వైపు తిరిగి, “నీళ్ళు” అని పిలిచింది. పిన్ని గ్లాసు తెచ్చి, “మేడమ్” అని బల్ల మీద పెట్టింది. బయటివాళ్ళ ముందు పిన్ని ఎప్పుడూ ‘మేడమ్’ అనే అంటుంది. కౌన్సెలర్ ఒక గుక్క తాగింది.

“మా ఆవిడ ఈమధ్య బాగా మాట్లాడుతోందండి” అన్నాడతను. “మనిషి మారింది. ఇదివరకు నేనేదైనా అంటే ఏడ్చేది. ఇప్పుడు ఏడవట్లేదు. వింటుంది, ఊరుకుంటుంది. ఎవరో నేర్పినట్టుంది. అందుకని సోమవారం ఆఫీసులో కూర్చుని ఒక మాట వెతికాను. ఏం వెతికానో మీకు తెలియదులెండి.”

ఆమెకు తెలుసు. ఎన్నిసార్లో కూడా తెలుసు. ఆ తెలియడం ముఖం మీదికి రాకుండా పట్టుకోవడం, చేతిలో నిప్పుకణిక పట్టుకుని నవ్వుతూ నిలబడ్డట్టుంది.

“వెతికితే ప్రకటనలొచ్చాయి. నాలుగున్నాయి. మూడింట్లో మనుషుల నవ్వు మొహాలు. అవన్నీ కొన్న ఫోటోలు, చూడగానే తెలుస్తుంది. ఒకటి మాత్రం నిజం గది.” అతను బల్ల మీది ఫోన్ తీసి తెరిచి, ఆమె వైపు తిప్పాడు. “మీదే. చాలా బావుంది. మనుషులెవరూ లేరు.”

బయటి గది. తెల్ల గోడ, పొడవాటి బల్ల, మూడు కుర్చీలు, కిటికీలోంచి పడుతున్న ఎండ. నాలుగు నెలల క్రితం ఒక మధ్యాహ్నం మరిది తీశాడు. ‘మనుషులెవరూ పడకుండా తీశాను వదినా, కొన్న ఫోటో కన్నా నిజం ఫోటోకే నొక్కులెక్కువ’ అన్నాడు. కౌన్సెలర్ ఎవరితోనో మాట్లాడి అప్పుడే బయటికొచ్చింది. ఒక్క చూపు చూసింది. మనుషులు లేరు కదా, సరే పెట్టెయ్యి అంది.

అతను తెర మీద రెండు వేళ్ళు ఆనించి విడదీశాడు. గది పెద్దదైంది. మూడో కుర్చీ పెద్దదైంది. కుర్చీ చేతికి తగిలించిన సంచి కనిపించింది. నీలం సంచి. ఇంకా పెద్దది చేశాడు. అంచున అతుకు. చేప. రెండు కళ్ళూ ఒకే పక్కన.

“ఇది మా పాప గీసిన చేప” అన్నాడతను.

నోటు పుస్తకంలో ఆ మనిషికి సంచి పేరే పెట్టిన తను, ఆ సంచిని ఫోటోలో చూడలేదు. ఆ రోజు మరిది ఈ ఫోటో తీస్తున్నప్పుడు నీలం సంచి లోపల, ఇదే గదిలో, ఇప్పుడతను కూర్చున్న కుర్చీలోనే కూర్చుని మొదటిసారి మాట్లాడుతోంది. ఇక్కడ చెప్పింది గడప దాటదని కౌన్సెలర్ ఆమెకు మాటిస్తోంది. అదే సమయంలో గడప అవతల ఆమె సంచి ఊరంతటికీ కనిపించడానికి ముస్తాబవుతోంది. నాలుగు నెలలుగా దాన్ని పైన కనిపించేలా చేయడానికి వేలంలో పాట పాడింది తనే.

“నాలుగుసార్లు వెనక్కెళ్ళి చూశానండి. పొరపాటు పడకూడదు కదా.”

“ఇక్కడికి ఎవరొస్తారో, ఎవరు రారో నేనెవరికీ చెప్పను” అంది కౌన్సెలర్. తన గొంతు మామూలుగా వినిపించడం ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. “మీరొచ్చారని కూడా ఎవరికీ చెప్పను.”

“నేను అడగలేదుగా.”

“మరేం కావాలి మీకు?”

అతను ఫోన్ మళ్ళీ బోర్లా పెట్టాడు, బల్ల అంచుకి సమంగా. “మొదట తనేం చెప్తోందో తెలుసుకోవాలనుకున్నాను. ఇప్పుడక్కర్లేదు. నిన్న పాప స్కూలు బ్యాగులో రెండు జతల బట్టలు కనిపించాయి. పుస్తకాల కింద, మడతపెట్టి. అంటే వెళ్తోంది. ఎక్కడికో కూడా నాకు తెలుసు, ఉన్నది ఒక్క అక్కే కదా. ఎప్పుడో చెప్పండి చాలు.”

“మీరడిగేదానికి నా దగ్గర జవాబు లేదు.”

“ఉంది. మీ కళ్ళు రెండుసార్లు ఆ సొరుగు వైపెళ్ళాయి. నా ఉద్యోగమే అది మేడమ్.” అతను కొంచెం ముందుకు వంగాడు. “నేనేం చెడ్డవాణ్ణి కాదు. పాప లేకపోతే నేను బతకలేను. తను ఒక్కతే వెళ్తానంటే నేనే బస్సెక్కిస్తాను. పాపని కదపడానికి మాత్రం ఒప్పుకోను. ఇదివరకోసారి ఒప్పుకోలేదు. గుర్తుండే ఉంటుంది తనకి.”

ఆరు గంటల స్నానాల గది అతని నోట ఇంత మెత్తగా వచ్చింది.

కౌన్సెలర్ గడియారం చూడకుండా ఉండటానికి గ్లాసు వైపు చూసింది. గ్లాసులో ఇంకా సగం నీళ్ళున్నాయి. ఎత్తి మొత్తం తాగేసింది. ఖాళీ గ్లాసు పక్కకు జరిపి, తలుపు వైపు తిరిగి, కాస్త గట్టిగానే అంది.

“ఇంకోసారి నీళ్ళు.”

బయట పిన్ని కుర్చీ కిర్రుమంది. కౌన్సెలర్ చెవులు రిక్కించింది. ఇప్పుడు బయటి తలుపు తెరుచుకోవాలి. మెట్ల మీద పిన్ని అడుగులు వినిపించాలి. మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని, తిట్టుకుంటూ అయినా పిన్ని కిందికి దిగాలి. కళ్ళజోళ్ళ షాపు ముందు నిలబడి, వచ్చే మనిషిని వచ్చినట్టే వెనక్కి పంపాలి.

తలుపు తెరుచుకోలేదు. అడుగులు లేవు. కుర్చీ మళ్ళీ కిర్రుమంది, కూర్చున్నట్టు. తర్వాత ఒక చిన్న చప్పుడు. టక్.

నలభై మెట్లు దిగలేని పిన్ని, ముసలితనంలో నేర్చుకున్న ఒక్క నొక్కు నొక్కింది.

ఎదురుగా కూర్చున్న మనిషి చొక్కా జేబులో ఏదో మోగింది.

కౌన్సెలర్ బల్ల వైపు చూసింది. అతని ఫోన్ బల్ల మీదే ఉంది, బోర్లా, కదలకుండా. అప్పుడు మొదటిసారి అతని ముఖం సరిగ్గా చూసింది. అతను కళ్ళజోడు పెట్టుకోలేదు. ముక్కు మీద కళ్ళజోడు మచ్చ కూడా లేదు.

అతను జేబులో చెయ్యి పెట్టి రెండో ఫోన్ తీశాడు. వెనకాల నీలం గుడ్డ తొడుగు. చేత్తో కుట్టింది.

“పొద్దున తన ఫోన్ నేను తీసుకున్నాను” అన్నాడు. “ఇల్లంతా వెతుక్కుంటూ ఉంటుంది పాపం.” తెర మీదికి వంగి, ఫోటోలు చదివే మనిషి చదివినట్టే, అక్షరం పోకుండా చదివాడు. “బుధవారం పన్నెండు నలభై అయిదుకి మీ అపాయింట్‌మెంట్ రద్దు చేయబడింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ మనసు మాకు పదిలం.”

ఆ ఆఖరి వాక్యం మరిది రాశాడు. రాసి రెండు రోజులు అందరికీ చదివి వినిపించాడు.

“ముప్పావుకొస్తోందన్నమాట.” అతను గోడ గడియారం చూశాడు. పన్నెండు ముప్ఫై ఎనిమిది. వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు. “నా టైము ఇంకా ఏడు నిమిషాలుంది కదా. కూర్చుంటాను.”

కౌన్సెలర్ ఏదో అనబోయింది. అంతలో కింద మెట్ల మీద చప్పుడైంది.

ఒక మనిషి నడక కాదు. రెండు జతల అడుగులు. ఒకటి బరువుగా, ఒకటి గెంతుతూ. వాటితోపాటు ఒక సన్నటి గొంతు, మెట్లు లెక్కపెడుతూ.

“పదకొండు, పన్నెండు, పదమూడు...”

ఫోన్ పోయిందని తెలిసిన క్షణమే నీలం సంచికి అంతా అర్థమై ఉంటుంది. ఆమె గురువారం దాకా ఆగలేదు. పాపను తీసుకుని ఇవాళే బయల్దేరింది. దారిలో ఉత్తరం కోసం, నాలుగు నెలలుగా ఆమెకు క్షేమమైన చోటు అని చెప్తూ వచ్చిన ఈ గదికే వస్తోంది.

అతను కూడా విన్నాడు. కాలు మీది కాలు దించాడు. ముఖంలో మొదటిసారి ఒక మెరుపు వచ్చింది, సంతోషంలాంటిది.

“ఇరవై మూడు, ఇరవై నాలుగు...”

అతను లేచాడు. అతనికన్నా ముందు కౌన్సెలర్ లేచింది. తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ కౌన్సెలర్‌దే. రెండడుగుల్లో తలుపు చేరి, లోపలివైపు తాళం తిప్పింది. తాళంచెవి లాగింది. అతని చెయ్యి ఆమె భుజం మీద పడేలోగా కిందికి వంగి, తలుపు కింద రెండు వేళ్ళ సందులోంచి తాళంచెవిని బయటికి నెట్టేసింది. అది నున్నటి నేల మీద చరచరా జారిపోయిన చప్పుడు లోపలికి వినిపించింది.

“పిన్నీ” అని అరిచింది. “వాళ్ళని దింపెయ్యి. కిందికి తీసుకెళ్ళిపో.”

బయట కుర్చీ పడిపోయింది. పిన్ని ఏదో అంటోంది. మోకాళ్ళ మీద లేవలేక, బల్ల పట్టుకుని, అమ్మా అంటోంది. అతను తలుపు మీద చెయ్యి వేయలేదు. కొట్టలేదు. కౌన్సెలర్ పక్కనే, తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“ముప్ఫై తొమ్మిది, నలభై. అమ్మా, నేనే ఫస్టు.”

చిన్న పాదాలు బయటి గదిలోకి పరిగెత్తుకొచ్చాయి. తలుపు ముందు ఆగాయి.

“మామ్మా, మీ తాళంచెవి కింద పడిపోయింది.”

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలుపు కింది సందు దగ్గర పెదవులు పెట్టి, ప్రపంచంలోకెల్లా ప్రేమగా పిలిచాడు.

“బుజ్జీ, నేనమ్మా, నాన్నని. ఈ ఆంటీ నన్ను లోపల పెట్టి తాళం వేసేసింది. తలుపు తియ్యి తల్లీ.”